పేనుకు సిగ్గుపడవలసిందెవరు?

ఉపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో నేనొక తప్పు చేశాను. దానికి చట్టంలో శిక్ష లేదు. చూసినవాళ్ళెవరూ అది తప్పని అనలేదు, పైపెచ్చు మెచ్చుకున్నారు. అందుచేతనే దాన్ని గురించి రాయవలసిన అవసరం ఉందనుకుంటున్నాను.

అది డెల్టాలో ఒక పల్లెటూరి బడి. ఐదో తరగతి. ఒకనాడు పాఠం మధ్యలో మూడో వరసలో ఒక పిల్ల ఆపకుండా తల గోక్కోవడం చూశాను. దగ్గరికి వెళ్ళి చూస్తే చెవుల వెనక జుట్టుకు తెల్లగా ఈపులు అంటుకుని ఉన్నాయి. వ్యవసాయ కూలీల పిల్ల. “ఇంటికి పోయి, మీ అమ్మచేత తల బాగుచేయించుకుని అప్పుడు రా” అన్నాను. గొంతు పెంచలేదు, తిట్టలేదు. కాని నలభైమంది పిల్లలు విన్నారు. ఆమె పుస్తకాలు సర్దుకుంటూ ఉండగానే పక్కన కూచున్న పిల్ల ఎవరూ చెప్పకుండా జానెడు దూరం జరిగింది. ఆమె ఎవరివంకా చూడకుండా వెళ్ళిపోయింది. “మంచి పని చేశారు, లేకపోతే బడంతా అంటుకునేది” అన్నారు ప్రధానోపాధ్యాయులు ఆ సాయంత్రం. ఆ వారంలోనే పక్క ఊళ్ళో యువజనుల అధ్యయన తరగతిలో మానవ గౌరవాన్ని గురించి నేను గంటన్నరసేపు ఉపన్యసించాను. ఈ రెండు పనులకూ మధ్య నాకేమీ వైరుధ్యం కనిపించలేదు.

ఆ పిల్ల ఇంకా బడికి రాకుండా ఉన్న రోజుల్లోనే మా అమ్మాయి తలలో పేలు పడ్డాయి. మా ఇంట్లో అదొక వినోదమయింది. మా అమ్మ అరుగుమీద ఎండలో కూచుని, మనవరాలి తల ఒళ్ళో పెట్టుకుని, పేలదువ్వెనతో దువ్వుతూ, దొరికిన పేనునల్లా బొటనవేళ్ళ గోళ్ళమధ్య కుక్కుతూ, “ఇదుగోనే, పెద్దది! మీ నాన్నంత ఉంది” అనేది. పిల్ల పకపకా నవ్వేది. పక్కింటావిడ వచ్చి వేపనూనె రాయమనీ, ఎదురింటావిడ వచ్చి సీతాఫలం గింజల పొడి పెట్టమనీ, అది కళ్ళలో పడితే ప్రమాదమనీ, సలహాలు చెప్పేవారు. మా అమ్మాయి బడి ఒక్కరోజు కూడా మానలేదు. మాన్పించాలని నాకు తోచనూ లేదు. ఆమె చదివేదీ ఆ బడిలోనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ దృశ్యం చూస్తూ ఉండగా నాకు హఠాత్తుగా ఆ మూడో వరస పిల్ల గుర్తుకొచ్చింది. ఒకే ఊరి పేను. బహుశా ఒకే బడి పేను. మా అరుగుమీద అది పరిహాసం, కూలివాడి గుడిసెలో అది అపరాధం. రెండు చోట్లా పేనులో తేడా ఏమీ లేదు గనక తేడా చూసే కళ్ళలోనే ఉండి తీరాలి.

ఇది చిన్న విషయమని పాఠకులకు తోచవచ్చు. అంతర్జాతీయ సమస్యలుండగా పేల గొడవేమిటని అడగవచ్చు. కాని ఒక మనిషి మరొక మనిషిని ఏ కారణంతో హీనంగా చూడవచ్చు అన్న ప్రశ్నకంటే పెద్ద నైతిక ప్రశ్న నాకు కనిపించదు. ఆ ప్రశ్నను పేను మనముందు పెట్టినంత సూటిగా మరేదీ పెట్టదు.

ముందు పేను సంగతి చూద్దాం. తలపేనుకు రెక్కలు లేవు. అది ఎగరలేదు, దూకలేదు. ఒక తల మరొక తలకు తగిలినప్పుడు వెంట్రుకలు పట్టుకుని పాకుతుంది. రోజుకు కొన్నిసార్లు నెత్తురు తాగి సుమారు నెలరోజులు బతుకుతుంది. తలమీదనుంచి కింద పడితే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. దాని ఆహారం నెత్తురే గాని మురికి కాదు. రోజూ తలంటుకునే జుట్టులో కూడా అది సుఖంగా కాపురం చేస్తుంది. దురదా, గోక్కుంటే పడే పుండ్లూ తప్ప తలపేను మనుషుల మధ్య రోగాలు మోస్తుందని రుజువు కాలేదు. పేలున్నాయన్న కారణంతో పిల్లల్ని బడినుంచి ఇంటికి పంపవద్దని ఈనాడు అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమే చెబుతున్నది.

అంటే తలపేను దేనికి గుర్తు? తలలు దగ్గరపడ్డాయనడానికి గుర్తు. ఒక దుప్పట్లో పడుకున్న అక్కచెల్లెళ్ళకూ, తలలు ఆనించి రహస్యాలు చెప్పుకునే స్నేహితురాళ్ళకూ, బిడ్డను గుండెకు హత్తుకున్న తల్లికీ అది పాకుతుంది. ఎవరి తలా ఎవరి తలకూ తగలని చోట అది బతకలేదు.

అది పేదవాళ్ళ సొత్తూ కాదు. ప్రాచీన కనాను దేశపు నగరమైన లాకిష్ శిథిలాల్లో 2016లో ఒక చిన్న దంతపు దువ్వెన దొరికింది. లాకిష్ ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉంది. దువ్వెన మీద సన్నగా గీసి ఉన్న అక్షరాలను తర్వాత గుర్తుపట్టి, 2022లో ఆ పాఠాన్ని ప్రకటించారు. దాని వయస్సు సుమారు 3,700 ఏళ్ళు. అక్షరమాలతో రాసిన పూర్తి వాక్యాల్లో ఇంతవరకు దొరికినవాటన్నిటికంటే పాతది అదేనని పండితుల అభిప్రాయం. ఆ వాక్యంలో దేవుడి స్తోత్రం లేదు, రాజుగారి బిరుదులు లేవు. ఈ దంతం జుట్టులోనూ గడ్డంలోనూ ఉన్న పేలను నిర్మూలించాలన్న కోరిక ఉంది. ఏనుగుదంతం ఆ దేశంలో పుట్టే సరుకు కాదు. దాన్ని కూలివాడు కొనలేడు. పేను పట్టిన ఆ గడ్డం ఏ సంపన్నుడిదో అయి ఉండాలి. ఆయన సిగ్గుపడలేదు. దువ్వెన చేయించుకున్నాడు, దానిమీద తన కోరిక చెక్కించుకున్నాడు.

ఐతే రెండో రకం పేను ఉంది. దాని కథ వేరు. మన భాష ఈ భేదాన్ని ఏనాడో గుర్తించి దానికి చీరపేను అని పేరు పెట్టింది. పాత తెలుగులో చీర అంటే బట్ట. చీరపేను ఒంటిమీద కాపురముండదు. బట్టల కుట్లలో ఉంటుంది, అక్కడే గుడ్లు పెడుతుంది, ఆకలైనప్పుడు ఒంటిమీదికి వచ్చి నెత్తురు తాగి మళ్ళీ బట్టలోకి పోతుంది. తలపేనునుంచి చీరపేను విడిపోయింది మనిషి బట్ట కట్టడం నేర్చిన తర్వాతనే. అది ఎప్పుడు జరిగిందో జన్యువుల్నిబట్టి లెక్కకట్టి మనిషి బట్ట కట్టిన కాలాన్ని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. 2003లో కట్టిన లెక్క సుమారు 70 వేల ఏళ్ళని చెప్పింది; 2011లో కట్టిన లెక్క 1,70,000 ఏళ్ళదాకా పోయింది. రెండో జత బట్టలు ఉండి, ఒకజత వేన్నీళ్ళలో ఉతుక్కుని ఆరేసుకోగలిగినవాడి దగ్గర చీరపేను నిలవదు. కట్టుకున్నదే పక్కబట్టగా, పక్కబట్టే కప్పుకునేదిగా ఉన్నవాడి దగ్గర అది తరతరాలు వర్ధిల్లుతుంది. కాబట్టి చీరపేను మనిషి గుణాన్ని చెప్పదు. అతనికి ఎన్ని జతల బట్టలున్నాయో చెబుతుంది.

రోగాలు మోసేది ఈ చీరపేనే. టైఫస్ జ్వరం (ఇది మనకు తెలిసిన టైఫాయిడ్ కాదు) యుద్ధాలలోనూ, కరువులలోనూ, జైళ్ళలోనూ లక్షలమందిని చంపింది. దాని రహస్యం పట్టుకున్నవాడు చార్లెస్ నికోల్. 1909లో ట్యునిస్ నగరంలో ఆయన ఒక విచిత్రం గమనించాడు. టైఫస్ రోగి ఆసుపత్రి గుమ్మందాకా ఇతరులకు జ్వరం అంటిస్తున్నాడు. గుమ్మంలో బట్టలు విప్పించి, స్నానం చేయించి, ఆసుపత్రి బట్టలు తొడిగి లోపల పడుకోబెట్టిన తర్వాత ఎవరికీ అంటడం లేదు. రోగులు విడిచిన బట్టలు పట్టుకున్న పనివాళ్ళకు మాత్రం అంటుతున్నది. అంటే జ్వరం మనిషిలోనుంచి కాదు, బట్టలోనుంచి వస్తున్నది. పేలమీద ఆయన చేసిన ప్రయోగాలు దీన్ని రుజువు చేశాయి. 1928లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. పేను కూడా ఆ జ్వరంతోనే చస్తుందని తర్వాత తెలిసింది.

నికోల్‌కు అరవై ఏళ్ళ ముందే, పేను సంగతి ఏమీ తెలియకుండానే, మరొక వైద్యుడు అసలు మందు చెప్పాడు. 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ ప్రబలినప్పుడు ప్రష్యా ప్రభుత్వం రుడోల్ఫ్ విర్కోను విచారణకు పంపింది. కషాయాలూ గుళికలూ సూచిస్తాడని ప్రభుత్వం అనుకుని ఉంటుంది. ఆయన పూర్తి ప్రజాస్వామ్యం కావాలనీ, విద్య, స్వేచ్ఛ, ప్రజల ఆర్థికాభివృద్ధి కావాలనీ నివేదిక రాశాడు. అప్పటికి ఆయనకు ఇరవయ్యారేళ్ళు.

ఇక్కడికి వచ్చేసరికి నా ప్రశ్నకు సగం సమాధానం దొరికింది. తలపేను విషయంలో ఎవరూ సిగ్గుపడవలసిన పని లేదు. చీరపేను విషయంలో సిగ్గుపడవలసినవాళ్ళున్నారు. వాళ్ళు పేను కుట్టినవాళ్ళు కారు. మనిషికి రెండో బట్ట లేకుండా చేసిన వ్యవస్థా, దాన్ని నడిపేవాళ్ళూ, అందులో లాభపడేవాళ్ళూ. ఐతే లోకంలో సిగ్గు సరిగా దీనికి విరుద్ధంగా పంపకమయింది. సంపదలాగే అదీ తలకిందుల పంపకమే. సంపద పైకి పోయింది, సిగ్గు కిందికి వచ్చింది.

ఒక మిత్రుడు దీనికి ఆక్షేపణ చెప్పాడు. “ఐతే శుభ్రతను వదిలెయ్యమంటారా? వ్యవస్థ మారేదాకా తల దువ్వుకోవద్దంటారా?” అన్నాడు. మంచి ప్రశ్నే. మురికిలో కవిత్వం చూసే రచయితలు మనలో లేకపోలేదు. వాళ్ళతో నాకు ఏకీభావం లేదు. పేను దురద పెడుతుంది, పిల్లకు నిద్ర పట్టనివ్వదు, దాన్ని తొలగించాలి. కాని పనికీ సిగ్గుకూ తేడా ఉంది. దువ్వడం ఒక పని. దానికి దువ్వెన కావాలి, వెలుతురు కావాలి, ఒకరి ఒడి కావాలి, ఆ ఒడికి తీరిక కావాలి. మా అమ్మకు మధ్యాహ్నమంతా తీరికే. తెల్లవారకముందే నాట్లకు పోయి చీకటిపడ్డాక తిరిగివచ్చే తల్లికి పేలు చూసే వెలుతురెక్కడిది? సిగ్గు ఈ నాలుగింటిలో ఒక్కదాన్నీ సమకూర్చదు. పైగా పేలున్నాయని చెప్పుకోనివ్వదు గనక పేలను దాస్తుంది, పెంచుతుంది.

మన దేశంలో ఈ మోసానికి మరింత పాత పేరుంది. మనం శుచినీ శుభ్రతనూ ఒకటిగా కలిపేశాం. శుభ్రత నీళ్ళతో వచ్చేది. శుచి పుట్టుకతో వచ్చేదన్నారు. ముందు నీళ్ళు అందకుండా చేసి, తర్వాత మురికిగా ఉన్నావన్నారు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో కలిసి చౌదార్ చెరువు నీళ్ళు తాగాడు. తర్వాత సవర్ణులు ఆ చెరువును పంచగవ్యంతో శుద్ధి చేశారు. పశువులు దిగి తాగే చెరువు మనిషి దోసిలితో మైలపడిందట! నేను ఆ పిల్లను ఇంటికి పంపినప్పుడు నా నోట మాట్లాడింది ఆరోగ్యశాస్త్రమే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆరోగ్యశాస్త్రం చొక్కా తొడుక్కుని ఆ పాత పంచగవ్యమే మాట్లాడిందని తెలుస్తున్నది. లేకపోతే మా అమ్మాయిని కూడా ఇంటికి పంపి ఉండేవాణ్ణి.

ఇంతవరకు చెప్పింది పేను పట్టిన మనిషిని హీనంగా చూడడం గురించి. దీనికి తర్వాతి మెట్టు ఒకటుంది. అది మనిషినే పేను అనడం.

1917లో అమెరికా సరిహద్దు పట్టణమైన ఎల్ పాసోలో, మెక్సికో నుంచి రోజూ వంతెన దాటి కూలికి వచ్చేవాళ్ళను పేలపేరుతో బట్టలు విప్పించి మందునీళ్ళతో స్నానం చేయించడం మొదలుపెట్టారు. ఆ సంవత్సరం జనవరి 28న కార్మెలిటా టోరెస్ అనే పదిహేడేళ్ళ పనిపిల్ల నేను విప్పనని ఎదురుతిరిగింది. వెంట వేలమంది నిలిచారు. మరో ఇరవైమూడేళ్ళకు, 1940లో, నాజీలు వార్సాలో నాలుగు లక్షలకు పైగా యూదులను గోడ కట్టి బంధించారు. తిండీ, సబ్బూ, బొగ్గూ అందనివ్వలేదు. సహజంగానే పేలు పడ్డాయి, టైఫస్ వచ్చింది. అప్పుడు గోడ బయట యూదులూ పేలూ టైఫసూ ఒకటేనని గోడపత్రాలు అంటించారు. పేను పుట్టే పరిస్థితిని చేతులారా సృష్టించి, తర్వాత దాన్ని ఆ జాతి లక్షణంగా చూపించారు. 1943లో హిమ్లర్ తన ఎస్.ఎస్. అధికారులతో మాట్లాడుతూ, యూదుల నిర్మూలన సిద్ధాంతానికి సంబంధించింది కాదనీ, పేలను వదిలించుకోవడంలాంటి శుభ్రతకు సంబంధించిన పని అనీ చెప్పాడు. అది ఉపమానంగా కూడా మిగలలేదు. ఆష్విట్జ్‌లో మనుషుల మీద ప్రయోగించిన జైక్లాన్ బి అనే విషవాయువు అంతకుముందు బట్టల్లో పేలను చంపడానికి వాడిన మందే.

ఇది ఫాసిస్టుల నేరమని చెప్పి ముగిస్తే పాఠకులకూ నాకూ సుఖంగా ఉంటుంది. కాని మన సంగతి మిగిలిపోతుంది.

1919 డిసెంబరులో, అంతర్యుద్ధం మధ్య, సోవియట్ మహాసభలో లెనిన్ పేను గురించి మాట్లాడాడు. టైఫస్ సైన్యాన్నీ పట్టణాలనూ తినేస్తున్నది. ఆ సంవత్సరాలలో రష్యాలో టైఫస్ వల్ల సుమారు 30 లక్షలమంది చనిపోయారని అంచనా. పేలైనా సోషలిజాన్ని ఓడిస్తాయి, సోషలిజమైనా పేలను ఓడిస్తుంది అన్న అర్థంలో ఆయన హెచ్చరించాడు. ఇంతకన్నా సరైన మాట ఒక రాజ్యనాయకుడు పేను గురించి చెప్పి ఉండడు. ఇక్కడ పేను పేనే. దాన్ని గెలవడానికి సబ్బూ, స్నానశాలలూ, బట్టలూ, వైద్యులూ కావాలి. సిగ్గు పేదవాడిమీద పడలేదు. బాధ్యత రాజ్యంమీద పడింది.

అదే లెనిన్ రెండేళ్ళకు ముందు, 1917 డిసెంబరు చివర, పోటీని ఎలా నిర్వహించాలన్న విషయంమీద ఒక వ్యాసం రాసి పక్కన పెట్టాడు. ఆయన పోయిన తర్వాత, 1929లో అది అచ్చయింది. అందులో రష్యా నేలను హానికర కీటకాలనుంచి శుభ్రం చేయాలన్నాడు. మోసగాళ్ళను ఫ్లీ అనే కీటకాలతోనూ, ధనికులను నల్లులతోనూ పోల్చాడు. ఇక్కడ కీటకం కీటకం కాదు, మనిషి. ఈ రెండు మాటలూ ఒకే కలం పలికింది. మొదటిదాన్ని మనం సభల్లో ఉదాహరిస్తాం. రెండోదాన్ని ఉదాహరించం గాని, మన భాషలో దాన్నే ఎక్కువగా ఆచరిస్తాం.

నా పాత ఉపన్యాసాల కాగితాలు తిరగేస్తే జలగలూ, నల్లులూ, చీడపురుగులూ కనిపిస్తాయి. ఏరిపారెయ్యాలి అన్న క్రియ కూడా కనిపిస్తుంది. పీడితుణ్ణి పేను అనడమూ, పీడకుణ్ణి పేను అనడమూ ఒకటేనా అని ఎవరైనా కోపగించుకోవచ్చు. ఒకటి కాదు. భూస్వామి నిజంగానే ఇతరుల శ్రమమీద బతుకుతాడు, యూదు బాలిక బతకలేదు. ఐనా ఆ ఉపమానం తప్పే. మర్యాదకు తప్పు కాదు, సిద్ధాంతానికే తప్పు.

పేను నెత్తురు తాగడం దాని ప్రకృతి. దానికి మరో బతుకు లేదు. దోపిడీ ప్రకృతి కాదు, మనుషుల మధ్య ఏర్పడిన ఒక సంబంధం. చరిత్రలో పుట్టింది గనక చరిత్రలో చస్తుంది. భౌతికవాదులమైన మనం నేర్చుకున్న మొదటి పాఠం అది. 1949లో హైదరాబాదు సంస్థానంలో జాగీర్లు రద్దుచేశారు. రద్దయినది జాగీరు, జాగీర్దారు మనిషిగా మిగిలాడు, అతని కొడుకు ఉద్యోగం చూసుకున్నాడు. పేనుకు ఇలా చేయడం సాధ్యమా? సంబంధాన్ని మార్చవచ్చు గనకనే విప్లవానికి అర్థముంది. శత్రువును పేను అన్న క్షణంలో మనం అర్థశాస్త్రాన్ని వదిలి జంతుశాస్త్రంలోకి పోతాం. దోపిడీని వ్యవస్థలోనుంచి తీసి నెత్తుట్లో పెడతాం. ఫాసిస్టు చేసే పనీ అదే.

ఆ పోయిన భాష అక్కడితో ఆగదు. పేను ఎవరన్నది నిర్ణయించే అధికారం ఒకరి చేతికి వస్తుంది. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని మన సామెత. పేలను ఏరేవాడికి పెత్తనమిచ్చినా అంతే. 1936 నుంచి 1938 దాకా మాస్కో విచారణల్లో ప్రాసిక్యూటర్ విషిన్‌స్కీ ముద్దాయిలను పిచ్చికుక్కలతోనూ, పురుగులతోనూ పోలుస్తూ వాళ్ళ చావు కోరాడు. ఆ ముద్దాయిల్లో విప్లవాన్ని నడిపిన బుఖారిన్ లాంటివాళ్ళున్నారు. చీడపురుగు అన్న మాట ముందు జమీందారుకు, తర్వాత పక్కవాడికి, చివరకు మనకే వర్తిస్తుంది. ఆ మాటను తయారుచేసి అరుగుమీద పెట్టినవాళ్ళం మనమే గనక అప్పుడు అది తప్పని చెప్పడానికి నోరు రాదు.

కనక నేను చెప్పదలచింది ఒకటే. పేనును పేనుగా ఉండనిద్దాం. దాన్ని దువ్వెనతోనూ, సబ్బుతోనూ, రెండో జత బట్టతోనూ, కూలి రేటుతోనూ ఎదుర్కొందాం. దాని పేరు ఏ మనిషికీ పెట్టవద్దు, దాని సిగ్గు ఏ పేదవాడికీ అంటగట్టవద్దు.

ఆ పిల్ల పన్నెండు రోజులు బడికి రాలేదు. పదమూడోనాడు సాయంత్రం నేను వాళ్ళ గుడిసెకు వెళ్ళాను. తల్లి అప్పుడే పొలంనుంచి వచ్చి పొయ్యి రాజేస్తున్నది. నన్ను చూసి కంగారుగా లేచి నిలబడింది.

“తగ్గలేదండి మాస్టారూ. కిరసనాయిలు కూడా రాశానండి, పిల్లకి నెత్తంతా పొక్కింది. మాకు రెండే దుప్పట్లండి. నలుగురు పిల్లలూ ఒకదాన్లోనే దూరతారు. ఒక తలలో పేను నాలుగు తలల్దండి. దీన్నొక్కదాన్నీ ఇంట్లో కూచోబెడితే తగ్గుద్దాండి?” అన్నది.

నన్ను తప్పు పడుతూ అన్నది కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను చదివిన పుస్తకాలన్నీ కలిపి చెప్పలేని విషయం ఆమె మూడు వాక్యాల్లో చెప్పింది.

మర్నాడు తరగతిలో పిల్లలందరి తలలూ చూశాం. పద్ధెనిమిదిమందికి పేలున్నాయి, మా అమ్మాయితో సహా. ఆ సంగతి నేనే పైకి చెప్పాను. మా అమ్మా, మరో ఇద్దరు ఆడవాళ్ళూ శనివారాలు బడి అరుగుమీద కూచుని అందరికీ దువ్వారు. రెండు నెలల్లో చాలావరకు తగ్గిపోయాయి.

ఆ పిల్ల తిరిగి వచ్చింది. కాని మూడో వరసలో కూచోలేదు. చివరి బల్లమీద, గోడవార, ఒక్కతే కూచున్నది. ముందుకు రమ్మని ఎన్నిసార్లు పిలిచినా తలకు కట్టుకున్న గుడ్డ సవరించుకుని, “ఇక్కడే బాగుందండి మాస్టారూ” అనేది. ఆమె తలలో అప్పటికి పేలు లేవు. సంవత్సరమంతా ఆమె అక్కడే కూచున్నది.